పేరు చెప్పే మాట, కోడ్ చేసే పని

మన క్లబ్‌లో పదాల గురించి మాట్లాడుకునేటప్పుడు యౌగికం, రూఢి, యోగరూఢి అనే మాటలు వస్తుంటాయి. భాగాల అర్థాలు కలిపితే అర్థమయ్యేది యౌగికం. భాగాలతో పనిలేకుండా వాడుకలో స్థిరపడింది రూఢి. భాగాలకు అర్థం ఉన్నా, వాడుక ఒక్కదానికే కట్టిపడేస్తే యోగరూఢి. బురదలో పుట్టేవి ఎన్ని ఉన్నా పంకజం అంటే తామరే కదా! ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో తోటివాళ్ల కోడ్ రివ్యూ చేస్తున్నప్పుడు, ఫంక్షన్ పేర్లకు కూడా ఇదే కొలబద్ద వాడొచ్చని నాకనిపించింది. ముఖ్యంగా మెమరీ కేటాయించే ఫంక్షన్లకు.

వాటికే ఎందుకు? మెమరీ అప్పు లాంటిది. తీసుకున్నాక తిరిగివ్వకపోతే లీక్. ఒకే దాన్ని రెండుసార్లు ఇస్తే, కెర్నెల్ ఆ పేజీనే ఇద్దరికి ఇచ్చే ప్రమాదం. అందుకే పేరు చూడగానే మూడు సంగతులు తెలియాలంటాను: ఏం ఇస్తుంది? ఏ స్థితిలో ఇస్తుంది? తిరిగి ఎవరు, ఎలా ఇవ్వాలి?

మొదట ఎంఐటీ వాళ్లు పాఠాల కోసం రాసిన ఎక్స్‌వీ6 చూద్దాం. అందులో కె-ఆలాక్ అనే ఫంక్షన్ ఉంది. కె అంటే కెర్నెల్, ఆలాక్ అంటే కేటాయించు. పేరు చూస్తే ఎంత అడిగితే అంత ఇస్తుందేమో అనిపిస్తుంది. కానీ అది ఎప్పుడూ ఒకే ఒక పేజీ, అంటే 4096 బైట్లు ఇస్తుంది. అచ్చమైన యోగరూఢి. ఇచ్చే పేజీ సున్నాలతో కూడా ఉండదు. కావాలనే ప్రతి బైట్‌లో 5 నింపి ఇస్తుంది. కె-ఫ్రీ అయితే 1 నింపుతుంది. పాత విలువల మీద ఆధారపడిన కోడ్ త్వరగా బయటపడాలని ఈ ఏర్పాటు. ఈ పేరును నేను రివ్యూలో వదిలేస్తాను. దానికి ఆర్గ్యుమెంట్లే లేవు కాబట్టి, ఎవరైనా సైజు ఇస్తే కంపైలరే పట్టుకుంటుంది.

వదలలేనిది వాక్. వర్చువల్ అడ్రస్‌కు సంబంధించిన పేజీ టేబుల్ ఎంట్రీని వెతికి పెట్టడం దాని పని. నడవడం అంటే చూసుకుంటూ పోవడమే కదా అనుకుంటాం. కానీ మూడో ఆర్గ్యుమెంట్ 1 అయితే, దారిలో లేని పేజీ టేబుల్ పేజీలను కొత్తగా కేటాయిస్తుంది కూడా. అంటే వెతుకుదామని పిలిచిన చోట మెమరీ ఖర్చవుతుంది. పిలిచే లైన్‌లో కనిపించేది ఉత్త 1 మాత్రమే. నేనైతే దీన్ని రెండు పేర్లుగా విడదీయమంటాను: ఒకటి ‘వెతుకు’, ఇంకొకటి ‘వెతుకు, లేకపోతే కట్టు’.

యూవీఎం-అన్‌మ్యాప్‌దీ ఇదే కథ. పేరు ప్రకారం మ్యాపింగ్ తీసేయాలి. చివరి ఆర్గ్యుమెంట్ 1 అయితే అసలు పేజీని కూడా విడుదల చేస్తుంది. ట్రాంపొలిన్ పేజీని అన్ని ప్రాసెస్‌లూ పంచుకుంటాయి కాబట్టి, అక్కడ 0 ఇచ్చి పిలుస్తారు. పొరపాటున 1 ఇస్తే కెర్నెల్ పానిక్ అయి ఆగిపోతుంది. ఒక్క అంకె మీద అంత భారం!

ఇక లినక్స్‌కి వద్దాం. కె-జెడ్-ఆలాక్ చక్కటి యౌగికం: కెర్నెల్ మెమరీ, సున్నాలతో నింపి, కేటాయించు. పిలిచేవాడికి ఆ జెడ్ కావాలి. దీనికి జోడీలా కె-జెడ్-ఫ్రీ అనే ఫంక్షన్ కూడా ఉండేది. చూడగానే ఏమనుకుంటాం? కె-జెడ్-ఆలాక్‌తో తీసుకున్నది కె-జెడ్-ఫ్రీతో ఇవ్వాలని. అది తప్పు. మామూలుగా కె-ఫ్రీ చాలు. కె-జెడ్-ఫ్రీ ఉన్నది పాస్‌వర్డ్‌లు, ఎన్‌క్రిప్షన్ కీల లాంటి రహస్యాలను విడుదలకు ముందు చెరిపేయడానికి. లేకపోతే ఆ బైట్లు తర్వాత ఆ మెమరీ అందుకున్నవాళ్ల చేతికి చిక్కొచ్చు. అక్కరలేని చోట వాడితే పని దండగ, అక్కర ఉన్న చోట మరిస్తే రహస్యం దండగ. 2020లో దాని పేరును కె-ఫ్రీ-సెన్సిటివ్ అని మార్చారు. ‘ఎలా చేస్తుంది’ అన్నది పోయి ‘ఎందుకు పిలవాలి’ అన్నది పేరులోకి వచ్చింది. పేర్లలో జోడీ కుదిరితే చాలదు, వాడకంలో కూడా జోడీ ఉండాలి.

రూఢికి ఉదాహరణ జీఎఫ్‌పీ. ‘గెట్ ఫ్రీ పేజెస్’కు పొట్టి పేరు. ఇప్పుడు బైట్ల లెక్కన ఇచ్చే కె-మాలాక్‌కి కూడా జీఎఫ్‌పీ-కెర్నెల్ అనే ఫ్లాగ్ ఇస్తాం. ఆ కాల్ నిద్రపోవచ్చు, కాబట్టి ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో వాడకూడదు. ఆ సంగతి పేరులో ఎక్కడా లేదు. ఫ్రీబీఎస్‌డీలో ఎం-వెయిట్‌ఓకే, ఎం-నోవెయిట్ అని ఉంటాయి. ఆగొచ్చా, ఆగకూడదా అన్నది పేరే చెప్పేస్తుంది.

రివ్యూలో నేను అడిగే ప్రశ్నలు ఇవి:

1. కేటాయిస్తుందా, వెతుకుతుందా? రెండూ చేస్తే పేరులో రెండూ ఉన్నాయా?
2. వచ్చే మెమరీ సున్నాలా, చెత్తా?
3. దీన్ని తిరిగిచ్చే ఫంక్షన్ ఏది? పేరు చూసి ఊహించగలమా?
4. పిలిచే లైన్‌లో 0, 1 ఉత్త అంకెలుగా మిగిలాయా?

ఒక చిన్న అభ్యాసం. ఎక్స్‌వీ6లో వర్చువల్ మెమరీ ఫైల్ తెరిచి, ఫంక్షన్ల లోపలి కోడ్ చూడకుండా పేర్లు మాత్రమే రాసుకోండి. ఒక్కో దాని ఎదురుగా పై నాలుగింటికి మీ ఊహ రాయండి. తర్వాత కోడ్ చదవండి. ఊహ తప్పిన ప్రతిచోటా ఆగి, మీరైతే ఏం పేరు పెడతారో పక్కనే రాయండి. తెలుగులో రాసినా సరే, ముందు అర్థం కుదరాలి.