గణాంకశాస్త్రవేత్తగా ఫ్లోరెన్స్ నైటింగేల్: జీవితం, కృషి, చిరకీర్తి

సారాంశం

ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు వినగానే రోగుల సేవ గుర్తుకు వస్తుంది. ఆమె విక్టోరియా యుగపు అగ్రశ్రేణి గణాంకవేత్తలలో ఒకరన్న విషయానికి అంత ప్రచారం లేదు. మరణాల లెక్కలను సేకరించి, రేట్లుగా మార్చి, పాలకులకు బోధపడే పటాలుగా చూపడంలో ఆమె చేసిన కృషిని, భారతదేశపు నీటిపారుదలతోను, గ్రామ విస్తరణతోను ఆ కృషికి గల సంబంధాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: మరణాల రేటు, హారం, వైశాల్య పటం, నీటిపారుదల, గ్రామ విస్తరణ

ఉపోద్ఘాతం

నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించారు. స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేని కాలమది. తండ్రి ఇంటివద్దనే ఆమెకు భాషలు, చరిత్ర, తత్త్వశాస్త్రం నేర్పారు. గణితంపై ఆమెకు గల మక్కువ బాల్యంలోనే బయటపడింది. బెల్జియం గణాంకవేత్త క్వెట్లే రచనలను ఆమె జీవితాంతం గౌరవించారు.

క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, 38 మంది పరిచారికలతో ఆమె టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరారు. అయితే మరణాలు వెంటనే తగ్గలేదు. శీతాకాలమంతా పెరుగుతూ పోయి, 1855 ఫిబ్రవరి నాటికి మరణాల రేటు సుమారు 42 శాతానికి చేరింది. మార్చిలో వచ్చిన పారిశుధ్య సంఘం మురుగు కాలువలను శుభ్రపరచి, నీటి సరఫరాను, గాలి ప్రసరణను మెరుగుపరచింది. జూన్ నాటికి ఆ రేటు 2 శాతం దరిదాపులకు పడిపోయింది. సేవాభావం ఎంత గొప్పదైనా, వ్యాధికి మూలమైన పరిసరాలు మారనిదే ప్రాణాలు నిలవవని ఈ అంకెలు తెలుపుతున్నాయి. ఆమె తదుపరి జీవితమంతా ఈ సత్యాన్ని స్థాపించడానికే వినియోగమైంది.

అంకెల నుండి పటానికి

స్వదేశం చేరిన తరువాత నైటింగేల్, జనన మరణాల నమోదు కార్యాలయ గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి సైన్యపు లెక్కలను విశ్లేషించారు. క్రిమియాలో శత్రువుల ఆయుధాలకంటే నివారించదగిన వ్యాధులే అనేక రెట్లు ఎక్కువ మందిని బలిగొన్నాయని తేలింది. అంతేకాదు, శాంతికాలంలో స్వదేశపు శిబిరాలలో ఉన్న యువ సైనికుల మరణాల రేటు, అదే వయస్సుగల పౌరుల రేటుకు దాదాపు రెట్టింపుగా ఉంది. ఆరోగ్యవంతులను ఏరి చేర్చుకొనే సైన్యంలో ఈ స్థితి ఉండడం పాలకులు సమాధానం చెప్పుకోవలసిన విషయమైంది.

పట్టికలను ఓపికగా చదివేవారు కొద్దిమందే. అందువలన ఆమె 1858లో వెలువరించిన వైశాల్య పటాలలో సంవత్సరానికి 12 నెలల చొప్పున వృత్తాన్ని 12 సమాన కోణాలుగా విభజించారు. నివారించదగిన వ్యాధులకు నీలం, గాయాలకు ఎరుపు, ఇతర కారణాలకు నలుపు రంగులు వాడారు. ఒక్కొక్క రంగు వైశాల్యాన్ని కేంద్రం నుండి కొలవాలి.

ఈ పటాన్ని సామాన్య వృత్త పటంగా పొరబడరాదు. వృత్త పటంలో వ్యాసార్ధం మారదు, కోణం మారుతుంది. ఇందులో కోణం మారదు, వ్యాసార్ధం మారుతుంది. విలువను సూచించేది వైశాల్యం గనుక మరణాలు నాలుగు రెట్లయినపుడు వ్యాసార్ధం రెండు రెట్లే అవుతుంది. వ్యాసార్ధాన్నే నాలుగు రెట్లు చేస్తే వైశాల్యం 16 రెట్లై, చూపరి మోసపోతాడు. వృత్తాకార పటాలను ఫార్ అంతకుముందే వాడారు. వాటిని పరిపాలనా సంస్కరణకు సాధనంగా మలచడం నైటింగేల్ ప్రత్యేకత. 1858లోనే లండన్ గణాంక సంఘం ఆమెను తన తొలి మహిళా సభ్యురాలిగా ఎన్నుకొంది.

హారం నేర్పిన పాఠం

ఆమె లెక్కలన్నీ విమర్శకు అతీతం కావు. ఆసుపత్రులపై ఆమె రచించిన గ్రంథపు 1863 ముద్రణలో ఫార్ తయారుచేసిన పట్టిక ఒకటి ఉంది. దాని ప్రకారం లండన్‌లోని 24 ఆసుపత్రులలో మరణాలు 90 శాతానికి పైగా ఉన్నాయి. సంవత్సరమంతటి మరణాలను ఒక్క రోజున ఆసుపత్రిలో ఉన్న రోగుల సంఖ్యతో భాగించడమే దీనికి కారణం. ఒక మంచంపై సంవత్సరంలో అనేకమంది చికిత్స పొందుతారు గనుక, చేరిన రోగులందరి సంఖ్యను హారంగా తీసికొంటే రేటు దానిలో చిన్న అంశమే అవుతుంది. వైద్యులు తీవ్రంగా విమర్శించారు. లవం ఎంత కచ్చితమైనదైనా, హారం ప్రశ్నకు తగినది కాకపోతే ఫలితం తప్పుదారి పట్టిస్తుందనడానికి ఇది చక్కని ఉదాహరణ.

భారతదేశం, నీటిపారుదల

నైటింగేల్ భారతదేశంలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. అయినను 1859లో ఏర్పడిన రాజ సంఘం కోసం ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నావళి పంపించి, వచ్చిన సమాధానాలను స్వయంగా విశ్లేషించారు. బ్రిటిష్ సైనికులలో వేయికి 69గా ఉన్న మరణాల రేటు పదేళ్లలో 18కి తగ్గినట్లు 1873లో ఆమె ప్రకటించారు.

క్రమంగా ఆమె దృష్టి సైనికుని నుండి రైతువైపు మరలింది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాత ఆర్థర్ కాటన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు సాగించి, కరవు నివారణకు నీటిపారుదల అవసరమని వాదించారు. నీటిపారుదల పనుల వ్యయాన్ని, రాబడిని తెలిపే నమ్మదగిన లెక్కల కోసం ఇండియా వ్యవహారాల మంత్రి సాలిస్‌బరీని ఒత్తిడి చేశారు. 1876–78 కరవు మద్రాసు రాజధానిని, అందులో కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను పీడించిన తరుణంలో, 1878లో లండన్ పత్రికలో భారత ప్రజల దుస్థితిని, రైతుల అప్పుల భారాన్ని వివరించారు. ఆమె కోరిన విస్తృత నీటిపారుదల విధానం ఆనాడు సిద్ధించలేదు. సరైన లెక్క కూడా రాజకీయ సంకల్పం లేనిచోట కాగితంపైనే మిగిలిపోతుంది.

గ్రామ విస్తరణకు పూర్వరూపం

1892లో ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైర్‌లో గ్రామ ఆరోగ్య బోధకురాండ్రకు శిక్షణ ఇప్పించడానికి ఆమె తోడ్పడ్డారు. ఉపన్యాసంతో సరిపెట్టక, ఇంటింటికి వెళ్లి తల్లుల విశ్వాసం చూరగొని, చేసి చూపాలన్నది ఆమె ఆశయం. నేటి విస్తరణ శాస్త్రంలోని గృహ సందర్శన, పద్ధతి ప్రదర్శనల సారం ఇందులో ఉంది.

ప్రభుత్వాలు అంకెలను సేకరిస్తున్నవే గాని, వాటిని వినియోగించే శిక్షణ పాలకులకు లేదని ఆమె భావించారు. ఆక్స్‌ఫర్డ్‌లో గణాంకశాస్త్ర ఆచార్య పీఠం నెలకొల్పాలని 1891లో ఫ్రాన్సిస్ గాల్టన్‌తో చర్చించారు. ఆ ఆశ ఆమె జీవితకాలంలో నెరవేరలేదు.

ముగింపు

1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన తొలి మహిళ నైటింగేల్. 1910 ఆగస్టు 13న 90వ ఏట మరణించారు. ఆమె జన్మదినమైన మే 12ను అంతర్జాతీయ నర్సుల దినోత్సవంగా పాటిస్తున్నారు. చేత దీపం పట్టిన మూర్తి లోకానికి మిగిలింది. ఆ దీపం వెనుక ఉన్న లెక్కల పుస్తకాన్ని విద్యార్థులు గుర్తించాలి. క్షేత్ర సమాచారాన్ని ఏకరీతిగా సేకరించడం, తగిన హారంతో పోల్చడం, రైతుకు, అధికారికి అర్థమయ్యేటట్లు చూపడం, ఫలితం వచ్చేవరకు విడువకుండా అడగడం అనే నాలుగు అంశాలలో ఆమె కృషి నేటి విస్తరణ శాస్త్రవేత్తలకు మార్గదర్శకం.