పాలు కాచే గ్యాసు పొయ్యి: తీసుకోవలసిన జాగ్రత్తలు

మన పల్లెలలో పాలు దాలిలో కాచేవారు. పిడకల సెగ నిదానమైనది గనుక, కుండ పెట్టి పశువుల పనికి వెళ్లినా భయం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చిన తరువాత అనేకమంది సభ్యుల ఇళ్లకు గ్యాసు చేరింది. పొయ్యి మారింది గాని, పాలు పెట్టి పాకలోకి వెళ్లే అలవాటు పోలేదు. సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు మేము ఈ సంగతి తరచు గమనిస్తున్నాము. ప్రమాదమంతా ఇక్కడే ఉన్నది.

పాలు పొంగితే ఏమవుతుంది?

పాలు వేడెక్కితే పైన తెట్టు కడుతుంది. అడుగున పుట్టిన ఆవిరి బయటికి పోలేక ఆ తెట్టును పైకెత్తుతుంది. పొంగిన పాలు బర్నరు మీద పడి మంట ఆరిపోతుంది. కాని గ్యాసు ఆగదు. ఇది గాలి కంటె బరువైనది. అందుచేత నేల మీద, మూలలలో నిలిచిపోతుంది. ఆ పైన అగ్గిపుల్ల గీసినా, లైటు స్విచ్చి వేసినా భగ్గుమనవచ్చు. కనుక పాలు దించేవరకు పొయ్యి వద్దనే ఉండవలెను. పొంగు రాబోతుండగా మంట తగ్గించి గరిటెతో కలపవలెను.

ఎటువంటి గిన్నె వాడవలెను?

దాలికి గుండ్రని అడుగు కుండ సరిపోయింది. గ్యాసుకు చదునైన, మందపాటి అడుగు గల గిన్నె కావలెను. పలుచని స్టీలు గిన్నెలో మంట తగిలిన చోటనే పాలు మాడుతాయి. మందపు అల్యూమినియం గాని, రాగి అడుగు వేసిన స్టీలు గాని వేడిని సమంగా పంచుతుంది. గిన్నెను ముందు నీటితో తడిపితే పాలు అంతగా అడుగంటవు. మూడింట రెండు వంతులకు మించి పోయరాదు. మంట అడుగు దాటి పక్కలకు పాకితే గ్యాసు దండుగ.

మంట, సిలిండరు

నీలి మంట మంచిది. మంట పసుపు రంగుకు తిరిగి గిన్నెకు మసి పడితే బర్నరు రంధ్రాలు పూడినవేమో చూడవలెను. పాలు పొంగిన ప్రతిసారి, పొయ్యి చల్లారిన పిదప బర్నరు కడిగి ఆరబెట్టవలెను. సిలిండరును నిలువుగా నేల మీద, పొయ్యిని అంతకంటె ఎత్తుగా గట్టు మీద ఉంచవలెను. రబ్బరు గొట్టాన్ని 5 సంవత్సరాలకు ఒకసారి, పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్చవలెను. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టివేయవలెను.

వాసన వస్తే

పొయ్యి, రెగ్యులేటరు కట్టివేయండి. దేవుని దీపం, అగరవత్తులు ఆర్పండి. తలుపులు, కిటికీలు తెరవండి. ఏ స్విచ్చీ వేయవద్దు, ఆర్పవద్దు. అందరూ బయటికి వచ్చిన తరువాత 1906 నంబరుకు ఫోను చేయండి. ఇది ఆడవారి సంగతి అని మగవారు ఊరుకోరాదు. రెగ్యులేటరు కట్టడం ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండవలెను.

సంఘ సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. మంట ఆరినా గ్యాసు ఎందుకు ఆగదు?
2. వాసన వచ్చినప్పుడు స్విచ్చి ఎందుకు ముట్టుకోరాదు?
3. మీ ఇంటి గొట్టం ఏ సంవత్సరంలో మార్చారు?