ఉపగ్రహ స్థాననిర్దేశం: ఆకస్మిక దోషాలు, వాటి కారణాలు

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వద్ద ఒక లారీ సరుకు నింపుకొనుచున్నదనుకొందాం. దూరాన కార్యాలయంలో కూర్చుండి పటం చూచుచున్న యజమానికి ఆ లారీ హఠాత్తుగా బంగాళాఖాతంలో కనిపించినది. సముద్రంలో లారీ ఉండదు గనుక అందరూ నవ్వి ఊరకుందురు. కాని అదే యంత్రం ఆ లారీని ప్రక్క ఊరిలో చూపినచో? సరుకు దారి మళ్లించినాడన్న నింద డ్రైవరు నెత్తిన పడును. కావున ఈ యంత్రం ఎప్పుడు, ఏల పొరబడునో తెలిసికొనుట శాస్త్రకుతూహలం మాత్రమే కాదు. న్యాయానికి సంబంధించిన విషయం కూడా.

జి.పి.యస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, తమ స్థానమును, కాలమును రేడియో సంకేతాలుగా పంపుచుండును. సంకేతం వచ్చుటకు పట్టిన కాలాన్ని బట్టి యంత్రం దూరాన్ని లెక్కించును. ఇట్లు కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిసిన గాని స్థానం తేలదు. కాంతివేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. అనగా, కాలగణనలో సెకనులో పదిలక్షల వంతు తప్పు దొర్లినను దూరంలో 300 మీటర్ల తేడా వచ్చును.

మొదటి కారణం ఆకాశంలోనే గలదు. భూమి చుట్టునున్న అయనావరణం సంకేతాన్ని ఆలస్యపరచును. భూ అయస్కాంత మధ్యరేఖ మన ద్వీపకల్పపు దక్షిణాగ్రానికి సమీపంగా పోవుచున్నది. పగటివేళ అచ్చట పైకి లేచిన విద్యుత్కణాలు ఫౌంటెను నీటివలె ఇరువైపులకు జారును. సూర్యాస్తమయానంతరం ఈ పొరలో బుడగల వంటి ఖాళీలు ఏర్పడి సంకేతం మినుకుమినుకుమనును. ఒక్కొక్కప్పుడు యంత్రం ఉపగ్రహాన్నే జారవిడుచును. సూర్యుడు ఉద్ధృతంగా ఉన్న సంవత్సరాలలో, విషువత్తుల మాసాలలో ఇది అధికం. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ అయనావరణ పరిశోధనలో దీర్ఘకాలంగా పేరెన్నికగన్నది. ఇట్టి దోషాలను సవరించుటకే ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి ‘గగన్’ వ్యవస్థను నిర్మించినవి.

రెండవది ప్రతిఫలనం. ఎత్తైన మేడలు, రేకుల షెడ్లు, కొండచరియల వద్ద సంకేతం గోడను తాకి చుట్టుదారిన వచ్చును. యంత్రం ఆ అదనపు దూరాన్ని నిజమని నమ్మును. ఆకాశం బొత్తిగా కనిపించనప్పుడు కొన్ని యంత్రాలు సమీప సెల్‌ఫోను టవరును ఆధారంగా గైకొనును. అప్పుడు వాహనం కదలకనే కిలోమీటరు దూరం గెంతినట్లు తోచును.

మూడవది ఉపగ్రహపు గడియారం. 2013 జూలైలో శ్రీహరికోట నుండి ఎగసిన మన నావిక్ తొలి ఉపగ్రహం ఐ.ఆర్.యన్.యస్.యస్.-1ఎ లోని మూడు పరమాణు గడియారాలును చెడిపోగా, అది స్థాననిర్ణయానికి పనికిరాకుండెను. దానికి బదులుగా 2017 ఆగస్టులో పంపినది ఉష్ణకవచం విడివడక విఫలమయ్యెను. 2018 ఏప్రిల్‌లో మరియొకటి పంపవలసివచ్చెను.

నాలుగవది మానవకృతం. ఉపగ్రహ సంకేతం నేలను చేరునప్పటికి మిక్కిలి బలహీనం. చిన్న పరికరమొకటి దానిని అణచివేయగలదు. అంతకంటె ప్రమాదకరమైనవి దొంగ సంకేతాలు. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయ ప్రాంతంలో విమానాలకు ఇట్టివి ఎదురైనట్లు కేంద్రప్రభుత్వం పార్లమెంటులో తెలిపినది.

ఐదవది మన లెక్కలోని పొరపాటు. అనకాపల్లి అక్షాంశం సుమారు 17 డిగ్రీల 41 నిమిషాలు. డిగ్రీకి 60 నిమిషాలు గనుక దశాంశాలలో ఇది 17.68. కాని సాఫ్ట్‌వేరు వ్రాసినవారు దీనిని 17.41 అని చదివించినచో తేడా 0.27 డిగ్రీ. ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు గనుక స్థానం 30 కిలోమీటర్లు దక్షిణానికి జరుగును. పూడిమడక తీరాన్ని దాటి అచ్చట ఉన్నది సముద్రమే! మన లారీ నీటిలో మునిగిన రహస్యం ఇది కావచ్చును.

మరి నిజానిజాలు తేల్చుట ఎట్లు? ఒక్క బిందువును నమ్మరాదు. వరుస బిందువుల మధ్య వేగం లెక్కించవలెను. నిమిషంలో 30 కిలోమీటర్లనగా గంటకు 1,800 కిలోమీటర్లు. ఏ లారీకిని అది సాధ్యం కాదు. ఆ సమయాన ఎన్ని ఉపగ్రహాలు కనిపించినవో, స్థానం ఉపగ్రహం నుండి వచ్చినదో టవరు నుండి వచ్చినదో చూడవలెను.

సముద్రం మీద ఈ జ్ఞానం మరింత విలువైనది. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుండి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాను వారికి చిక్కి, వారిలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. అది యంత్రదోషమని నా అభిప్రాయం కాదు. నీటిపై గీత కనిపించదు. తానెచ్చటనున్నాడో తెలియుటపై మనిషి స్వేచ్ఛయే ఆధారపడి ఉన్నదని చెప్పుటకే ఈ ఉదాహరణ.

విద్యార్థి మిత్రులారా! యంత్రం అబద్ధమాడదు, కాని పొరబడును. యంత్రం చూపిన చుక్కను సాక్ష్యంగా తీసికొని ఒక శ్రామికుని నిందించుటకు ముందు, ఆ చుక్క ఎట్లు పుట్టినదో ప్రశ్నించుట చదువుకొన్నవారి కర్తవ్యం.