టీవీ కేబుల్ మీద మెష్ వైఫై

అమెరికాలో ఇంటి నుంచి పనిచేసే మనవాళ్లలో చాలామందికి ఆఫీసు గది మేడ మీదో, ఇంటి వెనక మూలనో ఉంటుంది. రూటర్ మాత్రం ఇంటర్నెట్ కంపెనీ మనిషి ఎక్కడ పెట్టి వెళ్లాడో అక్కడే. అది చాలక మెష్ డబ్బాలు మూడు కొంటాం. అయినా ఉదయం ఏడున్నరకి ఇండియా టీమ్‌తో కాల్ మొదలయ్యేసరికి గొంతు తెగుతూనే ఉంటుంది. అప్పుడు చేసే పని ప్లాన్ పెంచడం, 300 మెగాబిట్ల నుంచి గిగాబిట్‌కి. చాలా ఇళ్లలో అది దండగ ఖర్చు.

తప్పు ఇంట్లో ఉందో బయట ఉందో ముందు తేల్చుకోండి. ఆఫీసు గదిలోంచే రూటర్ అడ్రసుకి, అంటే 192.168.1.1కో 10.0.0.1కో, ఓ పది నిమిషాలు ఆపకుండా పింగ్ పెట్టి చూడండి. అయిదు మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉంటే వైఫై బాగున్నట్టే. ఉండుండి 80కి, 200కి ఎగురుతుంటే జబ్బు మీ గోడల మధ్యే ఉంది. పింగ్ శుభ్రంగా ఉండి కూడా వీడియో ఆగుతుంటే అది కంపెనీ లైను సంగతి. ముఖ్యంగా కేబుల్ ఇంటర్నెట్‌లో అప్‌లోడ్ వేగం డౌన్‌లోడ్‌లో చాలా చిన్న భాగమే ఉంటుంది. కింద చెప్పేదేదీ దాన్ని బాగుచేయదు.

మెష్ డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది కూడా గాలిలోనే. మీ ల్యాప్‌టాప్‌కి వాడే రేడియోనే మెయిన్ డబ్బాకి కూడా వాడాల్సి వస్తే వేగం సగానికి పడుతుంది. మధ్యలో ఏసీ డక్టు, ఇటుక గోడ, పక్కింటి వైఫై తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఆ రెండు డబ్బాల మధ్య తీగ ఉంటే ఈ గొడవంతా పోతుంది. ఈథర్నెట్ తీగే అన్నిటికన్నా మేలు. అందుకని ఒక్కసారి గోడలో ఫోన్ జాక్ విప్పి చూడండి. గత పాతికేళ్లలో కట్టిన ఇళ్లలో ఫోన్ కోసం క్యాట్ 5ఈ తీగే లాగి ఉండడం మామూలే. అది ఉంటే చివర్లు మార్పించుకుని ఈ వ్యాసం ఇక్కడే మూసేయొచ్చు.

లేదంటే కోయాక్స్. టీవీ కోసం గదిగదికీ లాగిన ఆ గుండ్రటి తీగ ఇప్పుడు చాలా ఇళ్లలో ఊరికే పడి ఉంది. దాని మీద ఇంటి నెట్‌వర్క్ నడిపే పద్ధతి పేరు మోకా. దీని కోసం కొన్ని కంపెనీలు 2004లో కూటమిగా ఏర్పడ్డాయి. ఇప్పుడు దొరికే మోకా 2.5 అడాప్టర్లు మొత్తం రెండున్నర గిగాబిట్ల దాకా మోస్తాయి, 16 పరికరాల వరకు కలుపుకుంటాయి. ఆ వేగం అందరూ పంచుకోవాల్సిందే. ఆలస్యం నాలుగైదు మిల్లీసెకన్లు. మంచి వైఫైకీ అంతే ఉంటుంది కదా అనొచ్చు. నిజమే, కానీ ఇక్కడ ఆ అంకె ఎగరదు. కాల్స్‌కి కావలసింది అదే. అడాప్టర్ల జత సుమారు 100 నుంచి 150 డాలర్లు. ఒకటి మెయిన్ మెష్ డబ్బా దగ్గర, ఇంకొకటి ఆఫీసు గదిలో. రెండిటికీ ఒక పక్క కోయాక్స్, ఇంకో పక్క ఈథర్నెట్.

ఇంత తేలికైతే అందరూ ఎందుకు చేయరు? స్ప్లిటర్ వల్ల, అంటే ఒక తీగను పలు గదులకి చీల్చే ముక్క వల్ల. అడాప్టర్లు కొనకముందే వెళ్లి చూడాల్సింది అదే. గోడలోని కోయాక్స్ తీగలన్నీ ఎక్కడో ఒకచోట కలుస్తాయి. టెక్సస్ ఇళ్లలో బెడ్‌రూమ్ క్లోజెట్‌లోని తెల్ల రేకు పెట్టెలోనో గరాజ్‌లోనో ఉంటుంది, ఈశాన్య రాష్ట్రాల పాత ఇళ్లలో బేస్‌మెంట్‌లో. కొన్నిచోట్ల బయట గోడ మీది బూడిదరంగు పెట్టెలో. తెరిచి చూస్తే సగం తీగలు దేనికీ తగిలించకుండా వేలాడుతుంటాయి. మీ గది తీగ అందులో ఏదో తేల్చుకోవాలి, అక్కడ పోయే సమయమే ఎక్కువ. కోయాక్స్ టెస్టర్ అని చిన్న పరికరం దొరుకుతుంది, గోడ దగ్గర ఒక ముక్క బిగించి పెట్టె దగ్గర ఇంకో ముక్కతో వెతుక్కోవచ్చు. దొరికిన ప్రతి తీగకీ పేరు రాసి అంటించండి.

తర్వాత స్ప్లిటర్ మీద రాసింది చదవండి. 5–1002 మెగాహెర్ట్జ్ అని ఉంటే తీసి పక్కన పెట్టండి. మోకా నడిచేది 1125 నుంచి 1675 మధ్య. మోకా కోసం చేసిన స్ప్లిటర్ల మీద 1675 అని స్పష్టంగా ఉంటుంది, ధర పది డాలర్ల లోపే. కావలసినన్ని దారులున్నదే కొనండి. మూడు గదులకి ఎనిమిది దారుల స్ప్లిటర్ పెట్టుకోకండి, రెండుగా చీలిన ప్రతిసారీ సిగ్నల్ బలం సగమవుతుంది. ఖాళీగా మిగిలిన దారికి 75 ఓమ్‌ల టోపీ బిగించండి. మధ్యలో కరెంటుతో నడిచే, మోకా కోసం చేయని కేబుల్ యాంప్లిఫయర్ ఉంటే మోకా సాధారణంగా దాన్ని దాటలేదు, తీసేయండి.

ఏటీ అండ్ టీ లాంటి ఫైబర్ కనెక్షన్ ఉండి, కేబుల్ టీవీ లేకపోతే మీ పని సుఖం. ఆ కోయాక్స్ మీద మీరు తప్ప ఎవరూ లేరు. బయటి నుంచి వచ్చే తీగను విప్పేస్తే చాలు. కేబుల్ ఇంటర్నెట్ అయితే మాత్రం ఆ తీగ ఇంట్లోకి వచ్చేచోట, మొదటి స్ప్లిటర్‌కి ముందు, పాయింట్ ఆఫ్ ఎంట్రీ ఫిల్టర్ పెట్టాలి. మీ సిగ్నల్ పక్కింటికి పోకుండా ఆపుతుంది, లోపలికి తిప్పికొడుతుంది కాబట్టి బలమూ పెరుగుతుంది. డాక్సిస్ 3.1 ప్రమాణపు కేబుల్ మోడెమ్‌లు 1218 మెగాహెర్ట్జ్ దాకా, అంటే మోకా పరిధిలోకి కూడా, వినగలవు. మోకా పెట్టాక మోడెమ్ తరచూ తెగుతుంటే దాని వెనకా ఓ ఫిల్టర్ బిగించండి. డిష్ టీవీ ఉన్నవాళ్లు ఆ తీగల జోలికి పోవద్దు, రెండూ ఒకే ఫ్రీక్వెన్సీల్లో కొట్టుకుంటాయి.

వెరైజన్ ఫియోస్ రూటర్లలో, ఎక్స్‌ఫినిటీ గేట్‌వేలు చాలావాటిలో మోకా లోపలే ఉంటుంది. ఒక అడాప్టర్ ఖర్చు మిగులుతుందని అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. మీ మెయిన్ మెష్ డబ్బా రూటర్ పనిచేస్తూ ఆ గేట్‌వే వెనక ఉంటే, గేట్‌వే మోకా మీదుగా వచ్చే పై గది డబ్బా మెయిన్ డబ్బాకి ముందున్న నెట్‌వర్క్‌లో పడుతుంది. ఈరో, గూగుల్ లాంటివి అలా పనిచేయవు. మిగతా డబ్బాలన్నీ మెయిన్ డబ్బా వెనకే ఉండాలి. కాబట్టి గేట్‌వేలో మోకా ఆపేసి, రెండు అడాప్టర్లు కొని, మొదటిదాన్ని మెయిన్ డబ్బా పోర్టుకే తగిలించండి. గేట్‌వే మోకా ఆపకుండా దానికే ఇంకో అడాప్టర్ కలిపితే ఇంకా ఘోరం, ప్యాకెట్లు గుండ్రంగా తిరిగి ఇంట్లో నెట్ మొత్తం కూలుతుంది. కొనేముందు మీ మెష్ డబ్బాకి ఈథర్నెట్ రంధ్రం ఉందో లేదో చూసుకోండి. 2019 నాటి నెస్ట్ వైఫై పాయింట్‌కి అసలు లేదు.

అద్దె అపార్ట్‌మెంట్లో స్ప్లిటర్ మీ చేతిలో ఉండదు, సిగ్నల్ పొరుగు ఫ్లాట్లకి పోవచ్చు. అక్కడ అడాప్టర్‌కి పాస్‌వర్డ్ పెట్టకుండా వాడొద్దు. అసలు ఒకటి రెండు గదుల ఫ్లాట్‌కి ఇది అక్కర్లేదనే అంటాను.

హైదరాబాద్‌లో అమ్మానాన్నల ఫ్లాట్‌కి ఈ అడాప్టర్లు మోసుకెళ్లాలనుకుంటే ఆగండి. అమెరికా ఇళ్లలో కోయాక్స్‌ని చెక్కకి మేకులతో బిగిస్తారు, లాగితే రాదు. హైదరాబాద్‌లో చాలా ఫ్లాట్లలో అది గోడలోని పైపులో ఉంటుంది. టీవీ తీగ వాడకంలో లేకపోతే దాని కొసకి క్యాట్ 6 కట్టి అవతలి నుంచి లాగమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. పైపు మూసుకుపోకపోతే అసలైన ఈథర్నెట్టే వస్తుంది.

ఈ పని రిలీజ్ ముందు రాత్రి పెట్టుకోకండి, శనివారం ఉదయం మొదలుపెట్టండి. రసీదులు దాచుకోండి. ఫెడరల్ పన్నులో డబ్ల్యూ-2 ఉద్యోగికి 2018 నుంచి ఇంటి ఆఫీసు ఖర్చు మినహాయింపు లేదు. కానీ కాలిఫోర్నియాలో లేబర్ కోడ్ 2802 కింద, ఇల్లినాయ్‌లో 2019 నుంచి, పనికి అవసరమైన ఖర్చు యజమాని తిరిగివ్వాలి. మిగతా రాష్ట్రాల్లో మీ కంపెనీ రిమోట్ పాలసీ చదివి, కొనకముందే మేనేజర్‌ని ఈమెయిల్‌లో అడగండి.