రిజిస్టర్ పెళ్లయింది, కాపురం మొదలవలేదు

సమస్య

మాది తెనాలి దగ్గర ఒక ఊరు. ఎమ్మెస్ కోసం అమెరికా వచ్చి, చదువయ్యాక డల్లాస్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. హెచ్-1బి లాటరీలో ఒక్కసారీ పేరు రాలేదు. చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికిచ్చే స్టెమ్ ఓపీటీ గడువు ఈ వేసవితో అయిపోతుంది. ఇంతలో సంబంధం కుదిరింది. అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు, సిటిజన్. నెమ్మదస్తుడు, నాకు బాగా నచ్చాడు. నిశ్చితార్థం వాళ్లింట్లో జరిగింది. అమ్మా నాన్నా వీడియో కాల్లో చూశారు. శ్రావణ మాసంలో తెనాలిలో ముహూర్తం పెట్టారు. ఫంక్షన్ హాలుకు అడ్వాన్స్ కూడా ఇచ్చారు.

నా ఓపీటీ సంగతి తెలిసి అబ్బాయి పెదనాన్నగారు, "ముందు ఇక్కడ రిజిస్టర్ చేయించి ఫైల్ పెట్టేద్దాం, అసలు పెళ్లి ఇండియాలో చేద్దాం" అన్నారు. కౌంటీ ఆఫీసులో లైసెన్సు తీసుకుని, మూడు రోజులాగి జడ్జి ముందు పెళ్లి చేసుకున్నాం. సాయంత్రం అతను నన్ను నా అపార్ట్‌మెంట్ దగ్గర దించి వాళ్లింటికి వెళ్లిపోయాడు. ఇప్పటికీ నేను ఫ్రెండ్స్‌తోనే ఉంటున్నాను. ముహూర్తం కాకుండా ఒకే ఇంట్లో ఉంటే ఊళ్లో తలెత్తుకోలేమని అమ్మ అంటుంది.

ఐ-130 (నా కోసం అతను వేసే పిటిషన్), ఐ-485 (నా గ్రీన్‌కార్డు దరఖాస్తు) పెదనాన్నగారే నింపి పంపించారు. అడ్రసులు మాత్రం ఎవరివి వాళ్లవే వేశాం. రసీదులొచ్చాయి, వేలిముద్రలు కూడా అయ్యాయి. ఇప్పుడు ఆ వేరు వేరు అడ్రసులు చూసి అనుమానిస్తారేమోనని ఆయనకు భయం పట్టుకుంది. పోయిన ఆదివారం ఐదు చీరలు తెమ్మన్నారు. హాల్లో ఒక చీరతో, పూజగదిలో ఇంకో చీరతో, పెరట్లో మరొకదానితో మా ఇద్దరికీ ఫొటోలు తీశారు. ఇది ఉగాది అనుకోండి, ఇది పుట్టినరోజు అనుకోండి అంటూ ఒక్కోదానికి ఒక్కో సందర్భం చెప్పారు. ఆయన స్నేహితుడి అపార్ట్‌మెంట్‌కు మా ఇద్దరి పేర్లతో లీజు కూడా రాయిస్తారట. దాని మీద నేనింకా సంతకం పెట్టలేదు.

ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదు. నేను మోసం చేస్తున్నానా? పైగా శ్రావణంలో ఇండియా వెళ్తే ఫైల్ మొత్తం పోతుందని ఆఫీసులో ఒకరు అన్నారు. నిజమేనా? ఏం చేయమంటారు?

- ఒక పాఠకురాలు, టెక్సాస్

సలహా

అమ్మా, మీరు మోసం చేయడం లేదు. కానీ ఆ లీజు మీద సంతకం పెడితే చేసినట్టే అవుతుంది.

మీ పెళ్లి నిజమైనదా కాదా అని తేల్చడానికి అక్కడి చట్టం ప్రధానంగా చూసేది, పెళ్లి చేసుకున్న రోజున కలిసి బతకాలన్న ఉద్దేశం ఇద్దరికీ ఉందా అన్నది. 1975లో బార్క్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఈ మాటే చెప్పింది. పెళ్లయ్యాక విడివిడిగా ఉన్నారన్న ఒక్క కారణంతో ఆ పెళ్లిని బూటకం అనడానికి వీల్లేదంది. మీకా ఉద్దేశం ఉంది. చూసుకుని, నచ్చి, పెద్దల సమక్షంలో నిశ్చితార్థం చేసుకున్నారు. ఓపీటీ వల్ల తేదీ ముందుకు జరిగింది, అంతే. గడువు దగ్గర పడి పెళ్లి త్వరగా చేసుకోవడం నేరం కాదు. కాపురం చేసే ఉద్దేశమే లేకుండా గ్రీన్‌కార్డు కోసం చేసుకోవడం నేరం. దానికి 5 ఏళ్ల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. అలాంటి పెళ్లి అని ఒకసారి తేల్చారంటే తర్వాత ఇంకెవరు పిటిషన్ వేసినా ఆమోదించరు.

పెదనాన్నగారు చెడ్డ మనిషి అని నేను అనుకోవడం లేదు. మీ మేలు కోరే ఇదంతా నెత్తిన వేసుకున్నారు. కానీ నిజమైన పెళ్లికి దొంగ సాక్ష్యాలు తయారు చేస్తున్నారు. గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో భార్యాభర్తలను వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి ఒకే ప్రశ్న ఇద్దరినీ అడిగే అధికారం ఇమిగ్రేషన్ అధికారులకుంది. ఆ అపార్ట్‌మెంట్‌లో వంటగది ఎటుంది, నిన్న రాత్రి ఎవరు ముందు పడుకున్నారు అని అడిగితే ఏం చెబుతారు? అబద్ధం బయటపడితే అది ఆ లీజుతో ఆగదు. తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చారన్న ముద్ర జీవితాంతం వెంటాడుతుంది. ఆ ఫొటోలు ఫైల్లోకి వెళ్లకూడదు. మీరు ఫారంలో ఎవరి అడ్రసు వాళ్లు వేయడం మంచి పనైంది. ఆ నిజం మీద నిలబడండి.

మీ చేతిలో అసలైన రుజువులు చాలానే ఉన్నాయి, మీ వాళ్లు వాటిని దాచిపెడుతున్నారు! లగ్నపత్రిక, ఫంక్షన్ హాలు రసీదు, నిశ్చితార్థం ఫొటోలు, రెండు కుటుంబాల మధ్య నడిచిన వాట్సాప్ సంభాషణలు, పెళ్లి బట్టల బిల్లులు, రెండు వైపుల పెద్దలు రాసిచ్చే అఫిడవిట్లు ఉన్నాయి కదా. పెళ్లి నాటకమైతే ఏ తండ్రీ హాలుకు అడ్వాన్స్ కట్టడు. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం, అనువదించినవారి ధ్రువీకరణ జతచేయాలి. విడిగా ఎందుకున్నారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి: మా ఇళ్లల్లో ముహూర్తం అయ్యాకే కాపురం పెడతారు, అందుకే ఆగామని. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అయినా నా మాట వినండి. ఎంత నిజం చెప్పినా, వేరు వేరు ఇళ్లల్లో ఉంటూ ఇంటర్వ్యూకు వెళ్లడం కష్టమైన దారి. అధికారి మీ మాట నమ్మవచ్చు, నమ్మకపోనూవచ్చు. ఈ చిక్కు తీరాలంటే ఇద్దరూ కలిసి ఉండటం ఒక్కటే మార్గం. కౌంటీలో జరిగింది పూర్తి పెళ్లి. పెళ్లి జరిగిన చోట చట్ట ప్రకారం చెల్లితే ఇమిగ్రేషన్ వాళ్లకూ చెల్లుతుంది. ఇప్పుడు వద్దనుకున్నా విడాకులు తీసుకోవాల్సిందే. ఈ సంగతి మీ అమ్మగారికి ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేరు. మీరే చెప్పండి. ముందు అతనితో మాట్లాడి, తర్వాత ఇద్దరూ కలిసి అమ్మానాన్నలతో మాట్లాడండి. పెదనాన్నగారి చేత చెప్పించకండి. అమ్మగారి బాధ ముహూర్తం గురించే అయితే, డల్లాస్ చుట్టుపక్కల గుళ్లకు, పురోహితులకు కొదవ లేదు. మంచి రోజు చూసి అక్కడే మంగళసూత్రం కట్టించుకుని, వాళ్లు వీడియో కాల్లో అక్షింతలు వేశాక కాపురం పెట్టండి. ఇల్లు మారిన 10 రోజుల్లోగా కొత్త అడ్రసు ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు తెలియజేయాలి, మర్చిపోకండి.

ఇక ప్రయాణం. ఆఫీసులో చెప్పిన మాటలో నిజముంది. మీలా స్టూడెంట్ వీసా ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఐ-485 పెండింగ్‌లో ఉండగా అడ్వాన్స్ పెరోల్ (తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) లేకుండా దేశం దాటితే, ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. హెచ్-1బి, ఎల్-1 మీద ఉన్న స్నేహితులు వెళ్లొచ్చారని మీరు వెళ్లకండి. వాళ్లకున్న మినహాయింపు మీకు లేదు. తిరిగి ఎఫ్-1 మీద రావడమూ కుదిరే పని కాదు, చదువు కాగానే వెళ్లిపోతానన్నవాళ్లకిచ్చే వీసా అది. అడ్వాన్స్ పెరోల్‌కు ఐ-131, ఉద్యోగ అనుమతికి ఐ-765 పెట్టాలి. పెదనాన్నగారు ఇవి పెట్టారో లేదో మీ ఉత్తరంలో లేదు. వెంటనే చూసుకోండి. ఒకప్పుడు వీటి ఫీజు ఐ-485 ఫీజులోనే కలిసి ఉండేది, 2024 ఏప్రిల్ నుంచి విడిగా కట్టాలి. అందుకని కొందరు వదిలేస్తున్నారు. పెట్టకపోతే ఇప్పుడైనా పెట్టవచ్చు. ఓపీటీ ముగిశాక ఐ-485 పెండింగ్‌లో ఉందన్న ధైర్యంతో అమెరికాలో ఉండవచ్చు గానీ, ఐ-765 కార్డు చేతికి వచ్చేదాకా ఉద్యోగం చేయకూడదు. సిటిజన్ భార్యకు అలాంటి తప్పులు మన్నిస్తారని ఎవరైనా చెప్పవచ్చు. చట్టంలో ఆ వెసులుబాటు ఉంది, కానీ దాన్ని నమ్ముకుని పనిలోకి వెళ్లకండి.

శ్రావణానికి అడ్వాన్స్ పెరోల్ వస్తుందని నేను చెప్పలేను, ఒక్కోసారి నెలలు పడుతుంది. దగ్గరివాళ్లకు ప్రాణం మీదికొస్తే అత్యవసరంగా ఇవ్వమని అడగవచ్చు, పెళ్లి ముహూర్తం సాధారణంగా ఆ కోవలోకి రాదు. అందుకని హాలు వాళ్లతో నాన్నగారిని ఇప్పుడే మాట్లాడమనండి. మాఘంలోనో ఫాల్గుణంలోనో రిసెప్షన్ పెట్టుకోవచ్చు.

తెనాలిలో వేడుక ఎప్పుడు చేసుకున్నా ఆ తేదీతో కొత్తగా పెళ్లి సర్టిఫికెట్ తీసుకోకండి. ఒకే దంపతులకు రెండు పెళ్లి తేదీలుంటే ఎక్కడికి వెళ్లినా సంజాయిషీ చెప్పుకోవాలి. ఏ ఫారంలోనైనా పెళ్లి తేదీ కౌంటీ తేదీయే. గ్రీన్‌కార్డు ఆమోదించే నాటికి ఆ తేదీ నుంచి రెండేళ్లు నిండకపోతే మీకొచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. దొంగ పెళ్లిళ్లను అరికట్టడానికి 1986లో తెచ్చిన చట్టం పెట్టిన నిబంధన అది. ఆ కార్డు గడువు తీరేముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి షరతులు తీసేయమని ఐ-751 వేసి, అప్పటికీ కలిసి జీవిస్తున్నామని మళ్లీ రుజువులు చూపించాలి. ఐదు చీరల ఫొటోలు అప్పుడేం పనికొస్తాయి? అద్దె, కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్సు, ఇవన్నీ ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు వాటంతట అవే వస్తాయి.

ఈ వారంలోనే లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి. కన్సల్టెన్సీ వాళ్లను కాదు. పంపిన ఫారాల కాపీలన్నీ పెదనాన్నగారి దగ్గర నుంచి తీసుకుని ప్రతి పేజీ చదవండి. ఐ-485 మీ దరఖాస్తు, కింద ఉన్నది మీ సంతకం. ఎవరు నింపినా అందులోని ప్రతి మాటకూ జవాబు చెప్పాల్సింది మీరే. అడ్వాన్స్ పెరోల్ చేతికి రాకుండా మాత్రం, ఎవరెంత బతిమాలినా విమానం ఎక్కకండి.