వీసా లేకుండా మాల్దీవులకు వెళ్లవచ్చా?

ప్రశ్న: సెలవులకు మాల్దీవులు వెళ్లాలనుకుంటున్నాం. ముందుగా వీసా తీసుకోవాలా?

జవాబు: మాల్దీవులకు వెళ్లే పర్యాటకులు బయలుదేరే ముందు వీసా తీసుకోనక్కర్లేదు. దాదాపు అన్ని దేశాల పౌరులకూ అక్కడ దిగాక ఉచితంగానే అనుమతి ఇస్తారు. సాధారణ గడువు 30 రోజులు. ప్రత్యేక ఒప్పందం వల్ల భారతీయులకు 90 రోజుల వరకు వీలుంది.

ఉచితం అన్నంత మాత్రాన షరతులు లేవని కాదు. పాస్‌పోర్టుకు కనీసం నెల గడువు మిగిలి ఉండాలి. ఆరు నెలలుంటే నిశ్చింత. తిరుగు టికెట్, బస బుకింగ్, ఖర్చులకు సరిపడా డబ్బు ఉన్నట్టు చూపాలి. చాలామంది మరిచిపోయేది ‘ఇముగా’ అనే ఆన్‌లైన్ ఫారం. ప్రయాణానికి ముందు 96 గంటల లోపు దాన్ని నింపాలి. తిరిగి వచ్చేటప్పుడు కూడా మళ్లీ నింపాల్సిందే. ప్రభుత్వం దీనికి రుసుము తీసుకోదు. డబ్బులడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు, వాటి జోలికి పోవద్దు.

సామాను సర్దేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. మాల్దీవులు ఇస్లామిక్ దేశం. మద్యం, పంది మాంసం, ఈ-సిగరెట్లతో పాటు పూజా విగ్రహాలనూ లోపలికి రానివ్వరు. రోజూ పూజ చేసుకునేవారు చిన్న వేంకటేశ్వరుడి విగ్రహాన్ని పెట్టెలో పెట్టుకోవడం మనకు మామూలే. ఈ ప్రయాణంలో దాన్ని ఇంట్లోనే ఉంచడం మంచిది. రిసార్టుల్లో మద్యం దొరుకుతుంది కానీ, స్థానికులు నివసించే దీవుల్లో నిషేధం.

పర్యాటక అనుమతితో ఉద్యోగం చేయడం నేరం. ప్రవేశంపై తుది నిర్ణయం ఇమ్మిగ్రేషన్ అధికారిదే. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు మాల్దీవుల ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోవాలి.