కంటికి రెప్ప

పాఠ్యభాగ ఉద్దేశం

విశాఖపట్నం వంటి పారిశ్రామిక నగరంలో ఇంటి వద్ద పనిముట్లతో పనిచేసేవారి కన్నులకు ఎదురయ్యే ప్రమాదాలను, ప్రమాదం జరిగిన తొలి నిమిషాలలో కన్నును నీటితో కడగవలసిన పద్ధతిని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శివలింగం కంటి నుండి నెత్తురు కారుతుండగా చూసి తాళలేక తిన్నడు తన కన్నును పెకలించి అర్పించాడు. రెండవ కంటి నుండి కూడా నెత్తురు కారసాగింది. చూపు పూర్తిగా పోతే చోటు తెలియదని లింగం కంటిపై కాలితో గుర్తు పెట్టుకొని, మిగిలిన కన్నును సైతం ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. ధూర్జటి తన కాళహస్తి మాహాత్మ్యంలో చెప్పిన ఈ కథ తెలుగువారికి కన్నప్ప కథగా సుపరిచితం. భక్తికి కన్నును అర్పించినవానిని లోకం తరతరాలుగా కొలుస్తున్నది. అజాగ్రత్తకు కన్నును అర్పించినవానికి మాత్రం మిగిలేది చీకటే. 'సర్వేంద్రియాణాం నయనం ప్రధానం' అన్న పెద్దల మాట అందరి నోటా వినబడుతుంది. కాని ఆ మాట పని మొదలుపెట్టేటప్పుడు గుర్తుకు వచ్చేది కొందరికే.

విశాఖపట్నం పనిచేతుల నగరం. 1933లో ఇక్కడ ఓడరేవు ప్రారంభమైంది. 1941లో శంకుస్థాపన జరిగిన నౌకా నిర్మాణ కేంద్రం నుండి 1948లో 'జలఉష' నౌక జలప్రవేశం చేసింది. 1966లో సాగిన ఉద్యమ ఫలితంగా ఏర్పడిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఈ పరిశ్రమలు నగరానికి ఉపాధితో పాటు నైపుణ్యాన్ని కూడా ఇచ్చాయి. ఆ నైపుణ్యం కర్మాగారం గేటు దగ్గరే ఆగిపోదు. గాజువాక, మల్కాపురం, కంచరపాలెం వంటి ప్రాంతాలలో ఇంటి వెనుక రేకుల పంచలోనో, మేడ మీద గదిలోనో ఒక బల్ల, ఒక వైసు, ఒక గ్రైండింగు మిషను కనిపించడం వింత కాదు. పదవీ విరమణ చేసినవారు కాలక్షేపానికి, యువకులు సరదాకు, విద్యార్థులు ప్రదర్శన వస్తువుల తయారీకి అక్కడ పనిచేస్తారు. నగరానికి దూరంగా అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవారి ఇళ్లలోనూ అంకుడు కర్రను చెక్కే లేతు మిషను తిరుగుతూ ఉంటుంది. చేతితో వస్తువును రూపొందించడంలోని ఆనందం గొప్పది. ఆ ఆనందానికి కన్ను మూల్యం కాకూడదు.

కర్మాగారంలో కన్నుకు చట్టం అండగా నిలిచింది. పని జరిగేచోట రేణువులు ఎగిరిపడే ప్రమాదం గాని, తీవ్రమైన వెలుగు సోకే ప్రమాదం గాని ఉంటే తగిన తెరలో, కళ్లద్దాలో సమకూర్చేలా నియమాలు చేయడానికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షను అవకాశం కల్పించింది. కళ్లద్దాలు లేకుండా యంత్రం ముందు నిలబడితే అక్కడ మందలించే అధికారి ఉంటాడు. ఇంటిలో అలాంటి అధికారి లేడు. ముప్పై ఏళ్లు కర్మాగారంలో కళ్లద్దాలు తీయకుండా పనిచేసినవాడే, ఇంటికి వచ్చి "రెండు నిమిషాల పనే కదా" అని వట్టి కళ్లతో గ్రైండరు పట్టుకుంటాడు. యంత్రానికి మాత్రం ఇల్లని, కర్మాగారమని భేదం లేదు.

కంటికి రెప్ప కాపలా అన్నది నిజమే. అయితే రెప్పకు కూడా ఒక పరిమితి ఉంది. నాలుగు అంగుళాల చేతి గ్రైండరు చక్రం నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. దాని అంచు వేగాన్ని లెక్కిస్తే గంటకు సుమారు 200 కిలోమీటర్లు అవుతుంది. అంచు నుండి ఎగిరిన ఇనుప రజను అర మీటరు దూరంలోని ముఖాన్ని చేరడానికి సెకనులో నూరవ వంతు కాలం చాలు. రెప్ప మూతపడడానికి అంతకు ఎన్నో రెట్ల కాలం కావాలి. కనుక ఇలాంటి పనిలో రెప్ప ఒక్కటే చాలదు. పక్కల నుండి కూడా కప్పే భద్రతా కళ్లద్దాలు రెండవ రెప్ప కావాలి. చదువుకోవడానికి పెట్టుకునే మామూలు కళ్లజోడు ఆ పని చేయలేదు.

రేణువుల కంటె రసాయనాలు మరింత ప్రమాదకరం. కంటి ముందుభాగంలోని కార్నియా అనే పారదర్శకమైన పొర మందం దాదాపు అర మిల్లీమీటరు మాత్రమే. ఆమ్లం సోకినప్పుడు పైపొరలోని మాంసకృత్తులు గడ్డకట్టి, ఆమ్లం లోపలికి పోకుండా కొంతవరకు అడ్డుపడతాయి. క్షారం అలా ఆగదు. అది కణాలలోని కొవ్వును కరిగించుకుంటూ లోలోపలికి చొచ్చుకుపోతుంది. అందుచేత ఇన్వర్టరు బ్యాటరీలోని ఆమ్లానికి భయపడేవారు సున్నానికి, సిమెంటుకు, కాస్టిక్ సోడాకు ఇంకా ఎక్కువ భయపడాలి. గోడకు వేసే సున్నం, కిళ్లీకి రాసే సున్నం కూడా క్షారాలే. వాటిని పసిపిల్లలకు అందనిచోట ఉంచాలి. మంట తక్కువగా ఉన్నంత మాత్రాన ప్రమాదం తక్కువని భావించరాదు.

రసాయనం కంటిలో పడినప్పుడు తొలి వైద్యం నీరే. నగరంలో ప్రభుత్వ ప్రాంతీయ నేత్ర వైద్యశాల ఉంది. హనుమంతవాక వద్ద 2006లో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం ఉంది. కాని గాజువాక నుండి అక్కడికి చేరేసరికి ఎంతో విలువైన కాలం గడిచిపోతుంది. ఇంటిలోని కుళాయి పది అడుగుల దూరంలోనే ఉంటుంది. కడగకుండా ఆసుపత్రికి పరుగెత్తినవాడు ఆ దారి పొడవునా రసాయనాన్ని కంటిలో మోసుకుపోతున్నాడన్నమాట.

కడిగే పద్ధతి ఇది. పొడి సున్నం గాని, సిమెంటు గాని అయితే ముఖం మీది పొడిని ముందుగా దులిపివేయాలి. తలను పక్కకు వంచి, దెబ్బతిన్న కన్ను కిందివైపు ఉండేలా చూడాలి. లేకపోతే జారిన నీరు రెండవ కంటిలోకి పోతుంది. బాధకు రెప్పలు తమంతట తామే బిగుసుకుంటాయి కాబట్టి వేళ్లతో వాటిని విడదీసి పట్టుకోవాలి. కుళాయి నీటినైనా, చెంబుతో పోసే నీటినైనా మెల్లని ధారగా, ముక్కు వైపు నుండి చెవి వైపుకు పారేలా పోయాలి. కనుగుడ్డును పైకి, కిందికి, పక్కలకు తిప్పుతూ ఉండాలి. కాంటాక్టు లెన్సు ఉంటే కడుగుతూనే తీసివేయాలి. కనీసం 15 నుండి 20 నిమిషాలు, క్షారమైతే అరగంట వరకు కడగాలి. మంట తగ్గిందని మధ్యలో ఆపరాదు. ఆ తరువాత రసాయనం సీసాను గాని, దాని మీది చీటీని గాని వెంట తీసుకొని వైద్యుని వద్దకు వెళ్లాలి. సున్నం నలకలు రెప్ప లోపల దాగి ఉండవచ్చు. వాటిని వైద్యుడే తొలగించాలి.

చేయకూడని పనులు కూడా కొన్ని ఉన్నాయి. ఆమ్లానికి విరుగుడుగా సోడాను, క్షారానికి విరుగుడుగా నిమ్మరసాన్ని కంటిలో వేయరాదు. ఆముదం, చనుబాలు వంటివి పోయరాదు. నలక పడితే నలపరాదు. చేతిరుమాలు కొనతోనో, అగ్గిపుల్లతోనో తోటివారు నలక తీసే అలవాటు మంచిది కాదు. కంటిని నీటితో కడిగినా నలక పోకపోతే వైద్యుడే దిక్కు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం 76 నేత్రవ్యాధులను పేర్కొంది. కంటి మీద ద్రవాన్ని సన్నని ధారగా పోసే 'సేకం' అనే చికిత్సనూ వివరించింది. అది వ్యాధినిబట్టి వైద్యుడు మందుతో చేసే చికిత్స. ప్రమాద సమయంలో కావలసింది మందు కాదు, శుభ్రమైన నీరు.

అయితే ప్రతి ప్రమాదానికీ నీరు మందు కాదు. సుత్తితో ఉలిని కొట్టేటప్పుడు ఎగిరిన లోహపు ముక్క కనుగుడ్డులో గుచ్చుకుంటే కడగరాదు, నొక్కరాదు, లాగరాదు. కాగితపు కప్పు వంటి దానిని కన్నుకు తగలకుండా పైన అడ్డుపెట్టి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. వెల్డింగు వెలుగు సోకిన కన్ను అప్పటికి బాగానే ఉండి, కొన్ని గంటల తరువాత ఇసుక పోసినట్లు మండుతుంది. అప్పుడు చీకటి గదిలో విశ్రాంతి తీసుకొని వైద్యుని సంప్రదించాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న చుక్కలు వేసుకోవడం మరో ప్రమాదానికి దారితీస్తుంది.

కర్మాగారాలలో కన్ను కడిగే పరికరం పది సెకన్లలో చేరుకునేంత దగ్గరగా ఉండాలని, 15 నిమిషాలు ఆగకుండా నీరు ఇవ్వాలని అంతర్జాతీయంగా పాటించే ఒక ప్రమాణం చెబుతున్నది. ఇంటిలో అంత పరికరం అక్కరలేదు. పనిబల్లకు దగ్గరలో కుళాయి, అది లేనప్పుడు మూత పెట్టిన నీళ్ల బిందె, ఒక చెంబు ఉంటే చాలు. కళ్లు మూసుకొని కూడా అక్కడికి వెళ్లగలిగేలా దారి ఖాళీగా ఉండాలి. ఎందుకంటే అవసరం వచ్చిననాడు ఆ నాలుగడుగులు నిజంగానే కళ్లు మూసుకొని వేయవలసి వస్తుంది. పనిచేసేవారు ఒంటరిగా ఉండకపోవడం మరింత మేలు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం మన సామెత. కన్ను విషయంలో ఆ ఆకులు కూడా ఉండవు. కళ్లద్దాలు పెట్టుకోవడానికి పట్టేది క్షణకాలం. కన్నును కడగడానికి పట్టేది అరగంట. చూపు లేకుండా గడపవలసి వస్తే అది జీవితకాలం. ఈ మూడింటిలో ఏది సులభమో గ్రహించినవాడే నిజమైన పనివాడు.

అర్థాలు

పెకలించు = ఊడబెరుకు
రజను = లోహాన్ని రాచినప్పుడు రాలే పొడి
నలక = కంటిలో పడే సన్నని రేణువు
మూల్యం = వెల
పారదర్శకం = కాంతిని తన గుండా పోనిచ్చేది

అభ్యాసం

1. కర్మాగారంలో కన్నుకు ఉన్న రక్షణ ఇంటిలో ఎందుకు కొరవడుతున్నదో వివరించండి.
2. ఆమ్లం కంటె క్షారం కంటికి ఎక్కువ హాని చేయడానికి కారణం ఏమిటి?
3. రసాయనం పడిన కన్నును కడగవలసిన పద్ధతిని తెలపండి.
4. ఏ సందర్భాలలో కన్నును కడగరాదు?
5. విడదీసి సంధి పేరు రాయండి: సర్వేంద్రియాణాం, ఉత్తరతంత్రంలోని 'సుశ్రుత' మొదటి వర్ణసంయోగం (సు + శ్రుత) సంధి అవుతుందా? కారణం చెప్పండి.
6. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: నేత్రవ్యాధులు, జీవితకాలం.